తిరునాళ్ళకు పది రీళ్ళు

రాజమండ్రి,
1908 నవంబరు, కార్తీక బహుళ పంచమి

ఉప్పాడలో ఉన్న లోవలక్ష్మి అక్కకు తమ్ముడు గంగయ్య రాసేది.

ఈ ఉత్తరం రూతమ్మ గారు చదివి వినిపిస్తారు కాబట్టి ముందు ఆవిడకు నా దణ్ణాలు. నాకు అక్షరాలు దిద్దించిన చేతుల్లో నా ఉత్తరమే పడుతోందంటే తప్పులు ఎన్ని ఉన్నాయోనని భయంగానే ఉంది. మీ అత్త పెద్దింట్లమ్మ కూడా పక్కనే కూర్చుని వింటుంది కాబట్టి ఆమెకూ చెప్పు.

నాకు ఇక్కడ పని బాగానే ఉంది. మా షావుకారు వెంకటరత్నం గారు బట్టల కొట్టు అన్నగారికి అప్పజెప్పి బయస్కోపు పెట్టారని పోయినసారి రాశాను కదా. మర పిడి తిప్పడం ఇప్పుడు పూర్తిగా నాదే. ఎక్కువ జోరుగా తిప్పితే బొమ్మల్లో మనుషులు చీమల్లా పరిగెడతారు, నెమ్మదిగా తిప్పితే దీపం వేడికి రీలు కాలుతుంది. తెడ్డు వేసిన చెయ్యి కాబట్టి నాకు త్వరగానే పట్టుబడింది.

సంగతేంటంటే, శివరాత్రికి సామర్లకోట భీమేశ్వరుడి తిరునాళ్ళలో డేరా వేస్తున్నాం. పెట్టెలో పన్నెండు రీళ్ళున్నాయి. దీపానికి గ్యాసు పది రీళ్ళకే వస్తుంది. "మీ సముద్రం వాళ్ళు, పల్లెల వాళ్ళు చాలామంది వస్తారు, వాళ్ళకేం నచ్చుతాయో నువ్వే ఏరవోయ్" అన్నారు షావుకారు. నాకు అన్నీ నచ్చుతాయి. అందుకని నిన్ను అడుగుతున్నాను.

నవ్వించేవి రెండు. ఒకదాంట్లో వంటవాడు పిల్లిని తరుముతూ పోయి పిండి బస్తాలో తలకిందులుగా పడతాడు. ఇంకోదాంట్లో దొరసాని గొడుగు గాలికి పోతే ఊరంతా దాని వెనకే పరిగెడుతుంది. మాంత్రికుడిది ఒకటి, గుమ్మడికాయ కోస్తే ముగ్గురు పిల్లలు బయటికొస్తారు. పూటకూళ్ళ ఇంట్లో దయ్యం దుప్పటి లాగేది ఒకటి. దొంగలు గుర్రబ్బండిని ఆపి దోచుకుంటే పోలీసులు పట్టుకునేది ఒకటి, ఇది అన్నిటికంటే పొడుగు. ఏనుగుల ఊరేగింపు, ఫిరంగుల యుద్ధం, కాలుతున్న ఇల్లు ఆర్పడం, రైలు పెద్ద వంతెన దాటడం. మంచు కొండ మీద చక్రాల్లేని బండ్లు జారేది కూడా ఉంది. పూలమ్ముకునే పిల్ల తప్పిపోయిన తండ్రిని వెతుక్కునేది ఒకటుంది, అది చూసి రాజమండ్రిలో ప్లీడర్ల ఆడవాళ్ళు కూడా ఏడ్చారు. ఆఖరిది రంగూను రేవు. అది అక్కర్లేదు.

వీటిలో ఏవి ఉంచాలో రాయి.

నీ తమ్ముడు
గంగయ్య


ఉప్పాడ,
మార్గశిర శుద్ధ దశమి

తమ్ముడు గంగయ్యకు అక్క రాయించేది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. రూతమ్మ గారు పదకొండు తప్పులకు గీతలు పెట్టారు, చూపిస్తారట.

నేనూ అత్తా అరుగు మీద కూర్చుని నీ రీళ్ళు ఏరాం. వంటవాడు ఉండాల్సిందే. గొడుగు వద్దు, గాలికి ఎగిరిపోయేవి మేం రోజూ చూస్తున్నాం. మంచు వేస్తే మావాళ్ళు ఉప్పు కొఠారు అనుకుంటారు, అయినా వెయ్యి, బండ్లు జారుతాయి కదా. రైలు తీసెయ్యి. సామర్లకోట స్టేషను పక్కనే డేరా వేసి గుడ్డ మీద రైలు చూపిస్తే డబ్బులు వెనక్కి అడుగుతారు. దయ్యం వద్దని రూతమ్మ గారు అంటున్నారు. అత్త మాత్రం దయ్యం కావాలంటోంది. దయ్యం ఉంచు. ఈ మాట రాయనని ఆవిడ అన్నారు, బతిమాలి రాయించాను. పూలమ్మాయిని ఏనుగుల తర్వాత వెయ్యి, జనం కుదురుగా కూర్చున్నాకే ఏడుపు వస్తుంది.

గొడుగు, రైలు పోతే నీకు పది మిగిలాయి. రంగూను రేవు అందులో ఉంది. అన్నిటి గురించీ అంతంత రాసి, దాన్ని మాత్రం అక్కర్లేదని ఎందుకు తోసేశావు? మన ఊళ్ళో ఇంటికొకరు కాకినాడలో ఓడెక్కి రంగూను పోయినవాళ్ళే. వాళ్ళ ఆడవాళ్ళు ఏనుగుల్ని చూడ్డానికి రారు. మగవాళ్ళు బస్తాలు మోసే రేవు ఎలా ఉంటుందో చూడ్డానికి వస్తారు. అది తియ్యకు.

ఇంకొక సంగతి. మీ బావ వీరబ్రహ్మం సముద్రం మీదికి పోయి రెండు కార్తీకాలు దాటాయి. ఆ తుఫానులో ఆయనతో తెప్ప మీద ఉన్న ఇద్దరూ శవాలై ఒడ్డుకు కొట్టుకొచ్చారు, ఈయన రాలేదు. మూడు శివరాత్రులు చూడమని కులపెద్దలు అప్పుడే చెప్పారు. ఈ శివరాత్రి మూడోది. అది దాటితే నన్ను మారుమనువు చేసుకుంటానని దొరబాబు అడిగించాడు. పెళ్ళాం పోయిన మనిషి, సొంత నావ ఉంది, తాగడు. నాకు ఇష్టమేనని చెప్పాను. నీకు చెప్పకుండా చెప్పినందుకు కోపం తెచ్చుకోకు. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇలాగే ఎండు చేపల గంప మోసుకుంటూ ముసలిదాన్ని కావడం నా వల్ల కాదు.

ఇది అత్త నీళ్ళకు పోయినప్పుడు రాయించాను. ఆమెకు తెలియక కాదు. ఆమె ముందు ఆ మాట నోటికి రాదు, అంతే.

నీ అక్క
లోవలక్ష్మి


రాజమండ్రి,
మార్గశిర బహుళ విదియ

రూతమ్మ గారికి మనవి. ఈ ఉత్తరం మా అక్కకు ఒక్కదానికే, పెద్దింట్లమ్మ అత్త ఇంట్లో లేనప్పుడు చదవండి.

అక్కా,

నీ మనువు సంగతి రాయకపోయి ఉంటే ఇది నేను రాసేవాణ్ణి కాను. రంగూను రేవు రీల్లో బావ ఉన్నాడు.

పోలికగల మనిషేమో అనుకుని ఇప్పటికి నలభైసార్లు తిప్పి ఉంటాను. ఓడ పక్కన బల్ల మీద నుంచి కూలీలు వరసగా బస్తాలు మోసుకుంటూ దిగుతారు. ఏడోవాడు మనకు దగ్గరగా వచ్చి, బస్తా దించి, నవ్వుతూ కుడిచేత్తో నుదురు తుడుచుకుంటాడు. ఆ చేతి చూపుడువేలు సగానికి తెగి ఉంది. సొర చేప గేలం తాడు చుట్టుకుని బావ వేలు తెగిన రోజున ఆ తెప్ప మీద నేనూ ఉన్నాను, గుడ్డ చుట్టింది నేనే. నేను పొరబడను.

తుఫానుకు ముందు తీసిందేమోనని రీలు డబ్బా మీద చూశాను. 1908 జనవరి అని ఉంది. షావుకారుని అడిగితే కలకత్తాలో కొన్నప్పుడు అది కొత్తగా వచ్చిన రీలేనన్నారు. తుఫాను వచ్చింది 1906 కార్తీకంలో. ఎలా బతికాడో, ఏ ఓడ వాళ్ళు తీశారో, ఎందుకు తిరిగి రాలేదో నాకు తెలియదు. ఒక్కడే ఉన్నాడో లేదో కూడా రీలు చెప్పదు.

నీలో లేనిపోని ఆశ రేపడం ఎందుకని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పకపోతే రేపు నీకు అపకారం చేసినవాణ్ణవుతాను. చెప్పినా అంతే అవుతుందేమో. ఏం చెయ్యమంటావో రాయి.

గంగయ్య


ఉప్పాడ,
మార్గశిర బహుళ ఏకాదశి

గంగయ్యకు,

ఆ రీలు వెయ్యకు. రైలు వేసుకో, గొడుగు వేసుకో, నాకు అక్కర్లేదు.

బతికే ఉన్నాడన్నమాట. బతికి ఉండి, నవ్వుతూ నుదురు తుడుచుకుంటున్నాడన్నమాట. రంగూను నుంచి నెలకు రెండు ఓడలు కాకినాడ వస్తాయి. మన ఊరివాళ్ళు ఎంతోమంది వాటి మీద తిరుగుతున్నారు. ఒక్కడి చేత ఒక్క మాట చెప్పించలేకపోయాడా? మొదటి ఏడు నేను సముద్రం వైపు చూస్తే అన్నం మింగుడుపడేది కాదు. అవన్నీ ఎవరి కోసం పడ్డాను?

మగడు బతికున్నాడని తెలిస్తే పెద్దలు మనువు ఒప్పుకోరు. ఆయన వచ్చి తెగతెంపులు చెప్పుకునేదాకా ఆగమంటారు. రానివాడి కోసం ఎన్నేళ్ళు ఆగను?

నీ మీద కూడా కోపంగా ఉంది. నీ తప్పేమీ లేదని తెలుసు, అయినా ఉంది.

లోవలక్ష్మి


రాజమండ్రి,
పుష్య శుద్ధ పాడ్యమి

అక్కకు,

రంగూను రేవు డబ్బా పెట్టె అడుగున పెట్టేశాను. దాని బదులు రైలు వేస్తున్నాను. జనం డబ్బులు వెనక్కి అడిగితే నీ పేరు చెబుతాను.

నువ్వు సామర్లకోట రావడం మాత్రం మానొద్దు. తమ్ముడు తిప్పే బయస్కోపు నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు. ఊళ్ళో అందరికీ చెప్పు. గుడ్డ ముందు వైపు అణా టిక్కెట్టు, అక్కడ కోమట్లు, ఉద్యోగస్తులు కూర్చుంటారు. గుడ్డ వెనక అర్ధణా. బొమ్మ వెనక్కి కూడా దిగేట్టు ప్రతి ఆటకూ ముందు గుడ్డ మీద నీళ్ళు కొడతాం. మనవాళ్ళకు అదే బాగుంటుంది, ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. దీపాలు పెట్టే వేళకు మొదటి ఆట.

బావ సంగతి నేను మళ్ళీ ఎత్తను. నువ్వు ఎలా అంటే అలాగే. దొరబాబు నాకు తెలిసినవాడే, మంచివాడు.

గంగయ్య


ఉప్పాడ,
పుష్య బహుళ అష్టమి

తమ్ముడికి,

రంగూను రేవు వెయ్యి.

ఎందుకు మాట మార్చానో చెబుతాను. మొన్న తెల్లవారి లేచేసరికి అత్త పెరట్లో తుమ్మబెరడు ఉడకబెడుతోంది. మీ బావ వల తీసి దానికి చాయ పెడుతోంది. రెండేళ్ళుగా ఎవరూ వేయని వల అది. అయినా ఏడాదికి రెండుసార్లు చాయ పెట్టి ఆరేస్తుంది. "ఇదెందుకు అత్తా ఇప్పుడు" అన్నాను. "వాడొచ్చేసరికి చివికిపోతే నన్ను తిడతాడే" అంది. మామూలుగా అంది. ఏడుస్తూ అని ఉంటే నేను ఓర్చుకునేదాన్నేమో.

గంగయ్యా, ఆ రీలు సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు. కన్నతల్లి. ఆయన లేని ఈ రెండేళ్ళూ నన్ను పుట్టింటికి పొమ్మని ఒక్క మాట అనలేదు. పడ్డ చేపలో మంచి ముక్క నా కంచంలోనే వేసింది. ఆమె కొడుకును పెట్టె అడుగున దాచి నేను ఇంకొకరింటికి పోతే, ఆ ఇంట్లో నాకు అన్నం సహిస్తుందా?

ఆ రోజే చెప్పేశాను. నీ ఉత్తరం రూతమ్మ గారు చదివారు. అత్త వల మీద చేతులు తీయకుండా విన్నది. వేలు సంగతి రెండోసారి చదివించుకుంది.

పెద్దల చెవిన కూడా వేశాను. రెండు రోజులు చర్చించారు. ఉత్తరం సాక్ష్యం చెల్లదు, మేమే కళ్ళారా చూడాలి అన్నారు. తల్లి గుర్తుపడితే గుర్తుపట్టినట్టు, లేకపోతే లేదు, ఆ తర్వాత మాట మార్చడం ఉండదు అని తేల్చారు. నలుగురు పెద్దలు, మేమిద్దరం, ఇంకా ఇరవైమంది మూడు బండ్లలో వస్తున్నాం. అందరం వెనక వైపే. ఊరి పంచాయితీ మీ డేరాలో జరుగుతుందని మీ షావుకారుకి ముందే చెప్పు.

దొరబాబుకి కూడా చెప్పాను. "ఆయనే అయితే నేను పక్కకు తప్పుకుంటాను" అన్నాడు. నాకు చాలా బాధేసింది.

నీ అక్క


తుని,
ఫాల్గుణ శుద్ధ తదియ

అక్కకు గంగయ్య రాసేది.

ఆ రాత్రి మీ బండ్ల దగ్గర కలుద్దామని పరిగెత్తుకొచ్చేసరికి మీరు గుడికి పోయారన్నారు. రెండో ఆటకు వేళయి తిరిగొచ్చేశాను. మర్నాడు మీ బండివాడొకడు కనబడి, తల్లి కాదన్నదని, పెద్దలు సరే అన్నారని, మనువు ఖాయమైందని చెప్పాడు. నాకు నమ్మకం కలగలేదు. ఎలా కాదందిరా అని అడిగాను. "వాళ్ళబ్బాయికి తెగింది కుడిచేతి వేలండీ, బొమ్మలో ఎడమచెయ్యి, మేమందరం చూశాం కదండీ" అన్నాడు.

నేను గుడ్డ ముందు, మర దగ్గర ఉన్నాను. నాకు కనబడింది కుడిచెయ్యే. నలభైసార్లూ కుడిచెయ్యే. బావ కాసేపు ఎక్కువ ఉంటాడని ఆ రోజు నెమ్మదిగా కూడా తిప్పాను, రీలు కాలుతుందని షావుకారు అరిచారు. రెండోసారి వెయ్యమని మీ పెద్దలు కబురు పంపితే యుద్ధం రీలు మానేసి మళ్ళీ వేశాను. అప్పుడూ కుడిచెయ్యే.

నిన్న ఇక్కడ తునిలో ఆట మొదలుపెట్టి, మర పిడి ఇంకొకడికిచ్చి, గుడ్డ వెనక్కి వెళ్ళి చూశాను. వంటవాడు గరిటె ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. గుడ్డ వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఇన్ని ఊళ్ళు తిరిగాను, ఒక్కసారైనా వెనక కూర్చుని చూడాలని నాకు తోచలేదు. వెనక వైపే కూర్చోమని మిమ్మల్ని పిలిచింది నేను.

అక్కా, నా మూలంగా ఆ తల్లి తన కొడుకును కాదనుకుంది. నీ మనువు చెడుతుందని తెలుసు. అయినా ఆమెను మోసంలో ఉంచలేను. పౌర్ణమి వెళ్ళాక రెండు రోజులు సెలవు అడిగాను. ఉప్పాడ వచ్చి పెద్దల ముందు చెప్పేస్తాను. ఈలోగా నువ్వేమంటావో రాయి. వద్దని మాత్రం అనకు.

గంగయ్య


ఉప్పాడ,
ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

తమ్ముడికి అక్క రాయించేది.

నువ్వు రానక్కర్లేదు. మొత్తం చదివి అప్పుడు చెప్పు.

ఆ రోజు గుడ్డ వెనక అత్త మొదటి వరసలో కూర్చుంది. వంటవాడికి అందరూ పడి పడి నవ్వారు, ఆమె నవ్వలేదు. కావాలన్న దయ్యాన్ని కూడా సరిగ్గా చూడలేదు. రేవు రాగానే ఏడోవాడి దాకా వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆయన వచ్చాడు, బస్తా దించాడు, నవ్వాడు, చెయ్యి ఎత్తాడు. నాకు ముఖం చూడగానే ఆయనే అనిపించింది. అంతలో ఎడమచెయ్యి కనబడింది. కాదేమో అనుకున్నాను. కాదు అని నమ్మాలని ఉంది కాబట్టి నమ్మేశాను. అది నీకు ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

పెద్దలు ఆమె వైపు తిరిగారు. "ఇంకోసారి వెయ్యమనండి" అంది. రెండోసారి లేచి వెళ్ళి తడి గుడ్డకు మూరెడు దూరంలో నిలబడింది. బొమ్మ పోయాక వెనక్కి వచ్చి పెద్దల ముందు చేతులు కట్టుకుని చెప్పింది. "మావాడికి తెగింది కుడిచెయ్యండి. ఈ బాబెవరో గానీ ఎడమచెయ్యి. మావాడు కాదండి." పెద్దలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, అవును, ఎడమే అన్నారు.

మర్నాడు తిరిగొచ్చేటప్పుడు పిఠాపురం దాటాక బండిలో అందరూ నిద్రపోయారు. ఆమె నా పక్కన కూర్చుని కాలవ వైపు చూస్తోంది. చాలాసేపటికి, "బాగా చిక్కిపోయాడు" అంది. ఇంకాసేపటికి, "అక్కడ మన చేపలు దొరకవేమో" అంది.

ఆమె నా వైపు తిరగకుండానే, "ఫాల్గుణంలో ముహూర్తాలున్నాయంట. చైత్రం దాకా సాగదీయకండి" అంది. నేను ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఈసారి దాచలేదు, ఆమెను కూర్చోబెట్టే చదివించాను. చేపలు తోముతూ విన్నది. కుడి ఎడమవడం రూతమ్మ గారు పలక తిప్పి చూపించారు. ఆశ్చర్యపోలేదు. ఆమెకు చేతితో పని లేదు గంగయ్యా, ఆమె ముఖం చూసింది. చెయ్యి పెద్దల కోసం. నువ్వు ఎవరినీ మోసం చెయ్యలేదు.

పెద్దల ముందు ఇప్పుడు నోరు విప్పితే ఆమె మాట అబద్ధమవుతుంది. నీకు అంత హక్కు లేదు. నాకూ లేదు. ఇది రాయమంటే రూతమ్మ గారు కలం కింద పెట్టేశారు. తర్వాత మళ్ళీ తీసుకున్నారు.

బహుళ తదియ నాడు మనువు. ఆ రెండు రోజుల సెలవు దానికి వాడుకో. పుట్టింటి తరఫున నువ్వే ఉండాలి. అత్తను మా ఇంటికి వచ్చేయమని దొరబాబే స్వయంగా వచ్చి పిలిచాడు. ముందు రానంది. తర్వాత, చేపలు ఎండబెట్టడానికి మీకు చోటుందా అని అడిగింది.

పది రీళ్ళలో నీకు నచ్చినవి ఉంచుకో, నచ్చనివి తీసెయ్యి. రంగూను రేవు మాత్రం ఎప్పుడూ తియ్యకు. మీ డేరా కాకినాడ ఎప్పుడొస్తుందో కబురు చెయ్యి. ముందు వైపు కూర్చుంటే చెయ్యి సరిగ్గానే కనబడుతుందా అని అత్త అడిగింది. కనబడుతుందని చెప్పాం. అయితే ఈసారి అణా టిక్కెట్టేనంది.

నీ అక్క
లోవలక్ష్మి